ముందు నడిచే పిల్ల

నాకు చదువు రాదు. నా పేరు మూడక్షరాలు గీస్తాను, 'అ' మొదలుకొని 'ఎ' దాకా చూస్తే గుర్తు పడతాను. అంతకు మించి లేదు. ఆ మాత్రం యాడ నేర్చుకొన్నానో, ఆడికే ఎందుకు నిలిచిపోయిందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మా ఆయనకు గూడా చెప్పలేదు. ఆయన మట్టిలో కలిసి చానా ఏండ్లయింది. ఇప్పుడు నేను చెప్తాంటే మా మనవరాలు రాస్తాంది. మొన్న కొండ మీద అది ఫోటో తియ్యకుండా ఉంటే ఈ సంగతి నాతోనే పొయ్యేది.

ఈ ఎండాకాలం సెలవులకు నన్ను కొండెక్కించింది అది. గిద్దలూరు దాటి నల్లమల లోపలికి పోతే ఒక కొండ నెత్తిన గదులు కట్టి అద్దెకిస్తాండారు. "రెండు దినాలుండి వద్దాం రా అవ్వా. చల్లగా ఉంటాది. ఇంట్లో కూకోని గోడలు లెక్కబెడతావా?" అనింది. కారు మలుపులు తిరగతా పైకి పోతాంటే, ఎద్దు కొమ్ముల్లాగా లేచిన రెండు బండలు కనపడినాయి. నా చిన్నతనమంతా గడిచిన కొండ అది. పిల్లకు తెలీదు. నేను చెప్పలేదు.

తెల్లారినాక గది ముందర అరుగు మీద నన్ను నిలబెట్టింది. ఫోను అడ్డంగా పట్టుకొని, "అవ్వా, ఈ కొస నుంచి ఆ కొస దాకా కొండలన్నీ ఒకే ఫోటోలో పడతాయి. నేను నిదానంగా తిరగతా తీస్తా. నువ్వు మాత్రం కదలొద్దు" అనింది.

"కదిల్తే ఏమవుతాది?"

"నీకు రెండు తలకాయలొస్తాయి" అని నవ్వింది.

ఆ మాటే. సరిగ్గా ఆ మాటే ఇంకొకాయన నాతో అనినాడు, ఇదే కొండ మీద, నాకు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లప్పుడు.

అప్పుడు ఈ గదులు లేవు. ఒక్క బంగళా ఉండేది. రాతి గోడలు, పైన రేకులు, చుట్టూ వసారా. ఎవరో దొరలు ఎండలకు తట్టుకోలేక కట్టించుకొన్నారంట. మా నాయన దానికి కాపలా, వంట, అన్నీ. మాది కొండ కింద పల్లె. సెంటు భూమి లేదు, కూలికి పోతే కూడు. నాయనకు ఆ పని దొరికినాక ముగ్గురం బంగళా ఎనక ఒంటి గదిలో కాపురం పెట్టినాము. ఆదివారం పూట మాత్రం ప్రార్థనకు పల్లెకు దిగేవాళ్ళం.

ఎండాకాలం వచ్చిందంటే కొండంతా ఇప్పపూల వాసన. ఆ వాసన తీపిగా ఉంటాది గానీ ఎక్కువ పీలిస్తే తల తిరుగుతాది. బంగళాకు వచ్చినోళ్ళకు నాయన కోడికూర చేసేవాడు, మిరియాలు దంచి, ఉల్లిగడ్డ నిప్పుల్లో కాల్చి వేసి. ఆ వాసనకు నేను వంటకొట్టం గుంజ పట్టుకొని వేలాడేదాన్ని. మాకు కొర్రన్నం, చింతచిగురు పప్పు. ఎప్పుడన్నా గిన్నె అడుగున కోడికూర పులుసు మిగిలితే అమ్మ అన్నం కలిపి నా నోట్లో ముద్ద పెట్టి, "నమలకుండానే మింగతాండావా" అని తిట్టేది. తునికి పండ్లు, మోరి పండ్లు అడవిలో ఎన్ని కావాలంటే అన్ని. వచ్చినోళ్ళ చక్కెర డబ్బాలో తడి వేలు పెట్టి నాకేది నా దొంగతనం. నాయనకు తెలుసు. "చీమలు బాగా పెరిగినాయే ఈ కొండ మీద" అనేవాడు నా దిక్కు చూసి.

అన్నీ ఉండాయి గానీ నీళ్ళు లేవు ఆ కొండ మీద. చానా దిగువన లోయలో ఒక చెలమ. ఎండాకాలంలో గూడా ఊరేది. ఆడి నుంచి బంగళా దాకా నాయన రాళ్ళు పరిచి మెట్ల మాదిరి దావ చేసినాడు. నీళ్ళు తెచ్చేది అమ్మ. నెత్తిన చుట్టకుదురు, దాని మీద ఒకదాని మీద ఒకటి రెండు బిందెలు, నడుమున ఇంకో కడవ. అట్ల మోసే మనిషి తల వంచకూడదు. కాలి కింద ఏముందో కనపడదు. అందుకని ముందు ఒకరు నడవాల. అది నా పని. చేతిలో కట్టె పట్టుకొని రాళ్ళ మీద టకటక కొడతా పోవాల, ఇప్పపూలకు దిగిన ఎలుగ్గొడ్డు ఉంటే ఆ సప్పుడుకు తప్పుకుంటాది. నోటితో దావ చెప్తా ఉండాల. "రాయి" అంటే అమ్మ కాలెత్తి వేస్తాది. "గుంత" అంటే అంగ దాటేస్తాది. "జారుడు" అంటే వేళ్ళు ఊని నిలబడతాది. "కంప" అంటే చీర పక్కకు లాగుతాది.

ఒక్కోసారి గుంత లేని చోట "గుంత!" అని అరిచేదాన్ని. అమ్మ ఇంతపొడుగు అంగ వేసేది. నేను పక్కున నవ్వేదాన్ని.

"నీ నోరు పడ! దొంగదానా, పైకి రానీ, నీ పని చెప్తా."

"పైకి పోయినాక నీకు గుర్తుండదులే అమ్మా."

నిజంగానే గుర్తుండదు. బిందెలు దించినాక నా తల నిమిరి, "నా కండ్లు నా ముందే నడుస్తాండాయి, నాకేంది" అనేది ఎవరడిగినా.

ఆ ఏడు సెలవులకు ఒక సారు, ఆయన భార్య వచ్చి పది దినాలున్నారు. ఆమె మార్కాపురంలో పంతులమ్మ. ఆయనకు ఫోటోల పిచ్చి. మూడు కాళ్ళ చట్రం మీద పెట్టె కెమెరా, నల్లగుడ్డ. వచ్చిన దినం నుంచి ఆకాశం చూసుకొని సణుక్కొనేవాడు. "మసగ్గా ఉంది, పొగమంచులాగా ఉంది, కొండలు మాసిపోయి పడతాయి" అని. బంగళా ముందర నిలబడి కొండలన్నీ ఒక చుట్టు తియ్యాలంట. ఒక్కసారికి పట్టవు గాబట్టి ఎనిమిది ముక్కలుగా తీసి, తర్వాత పక్కపక్కన అతికిస్తాడంట. ఒక కొసన కంభం చెరువు అద్దం ముక్కలాగా మెరుస్తాంటే, ఇంకో కొసన పొగబండి పోయే దారి కనపడాల. "వాన పడితే తప్ప గాలి తేటగాదు" అనేవాడు నాయన. "అయితే వాన పడేదాకా నీ కోడికూర తింటాలే" అనేవాడు సారు.

ఆ ఖాళీ దినాల్లో పంతులమ్మ నన్ను పట్టుకొనింది. వసారా మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించింది. నాయన చూసి కడిగేసినాడు, బంగళా మాసిపోతాదని.

"పలక లేదా నీకు?" అనింది ఆమె. "మా మార్కాపురం పలకలు దేశమంతా పోతాంటే, ఈడ పుట్టిన పిల్లకు పలక లేకపోవడమేంది!"

"బండ్లకు ఎక్కించే పనికి పోయినాము గానీ పలక పట్టుకొనే పని మాకేడిదమ్మా" అన్నాడు నాయన నవ్వుతా.

ఆమె నవ్వలేదు. "ఈ పిల్లను నాతో పంపండి. బడి తెరిచినాక హాస్టల్లో చేరుస్తా. బుర్ర మంచిది" అనింది.

నాయన అమ్మ దిక్కు చూసినాడు. "నీ కండ్లు మార్కాపురం పోతే నువ్వెట్ల నడుస్తావే?"

అమ్మ చేటలో కొర్రలు చెరుగుతాంది. చెరిగేది ఆపకుండానే, "తడువుకుంటా నడుస్తా. పోనీ దాన్ని" అనింది. ఆమె మొఖం అంత వెలుగ్గా ఉండేది నేను మళ్ళ చూడలేదు.

నాకు పలక కావాల. అదొకటే బుర్రలో. చెలమకు పోయే దావలో, మలుపు కాడ, ఒక మెట్టుకు నాయన నల్లటి పలుచటి రాయి పరిచినాడు. రోజూ దాని మీద కాలేసి నడిచేదాన్ని. అది పలకలు చేసే రాయే. ఆ సాయంత్రం ఒక్కదాన్నే దిగి, కట్టె కొసతో నాలుగు పక్కలా తవ్వి, దాన్ని పెరికినాను. దాని కింద మట్టి కూలి మోకాటి లోతు గుంత పడింది. నాయన చూస్తే తంతాడని ఎండిన టేకు ఆకులు దాని మీద పరిచినాను. పెద్ద పెద్ద ఆకులు, చక్కగా కప్పుకొనింది. అమ్మ సంగతి ఆలోచించకుండా లేను. ముందు నడిచేది నేనే గదా, ఆడికి పోయినప్పుడు "గుంత" అని చెప్తా, అంతే గదా, అనుకొన్నాను. నవ్వు గూడా వచ్చింది, ఈసారి నిజంగానే గుంత ఉంటాదని.

రాయిని ఇసక పోసి నీళ్ళు పోసి అరగదీసినాను. తడి రాయి వాసన ఎంత బాగుంటాదో. పంతులమ్మ చూసి ఆశ్చర్యపోయింది. సుద్దముక్క ఇచ్చి నా పేరు రాయించింది. మూడక్షరాలు.

ఆ తెల్లారుజామున వాన పడింది. తెల్లారేసరికి గాలి కడిగినట్టుంది. సారు ఎగిరి గంతేసినాడు. పంతులమ్మ, "ఈ పిల్ల గూడా బొమ్మలో ఉండాల, తన పేరున్న పలక పట్టుకొని" అనింది. అమ్మ గబగబా నాకు నూనె పెట్టి జడ అల్లి, క్రిస్మస్ గౌను తొడిగింది. ఇంతలో సారుకు స్నానానికి నీళ్ళు లేవు. నేను కట్టె తీసుకోబోతే అమ్మ లాగేసుకొనింది.

"గౌను మాపుకుంటావు. నువ్వు ఫోటో దిగు. నేను పోయొస్తా."

"ఎట్ల పోతావమ్మా?"

"అలవాటు చేసుకోవద్దా? నువ్వు మార్కాపురం పోతే ఎవరొస్తారు నా ముందు?" అని నా బుగ్గ గిల్లి పోయింది.

గుంత సంగతి నాకు గుర్తే లేదు. దిగేటప్పుడు అమ్మ ఆ ఆకుల మీద కాలెయ్యకుండానే దాటిపోయింది. గౌను మీదనే ఉంది ధ్యాస.

సారు నన్ను కొమ్ము బండ పక్కన నిలబెట్టినాడు, మొఖం సగం లోయ దిక్కు తిప్పి. "చూడు పాపా, నువ్వు రెండు ముక్కల అతుకు మీద ఉండావు. కదిల్తే నీకు రెండు తలకాయలొస్తాయి. నోరు తెరిస్తే ఫోటో చెడిపోతాది. నేను అయిపోయింది అనేదాకా నోరెత్తొద్దు" అన్నాడు. నేను పెదాలు బిగించుకొన్నాను. మాట సప్పుడు ఆ పెట్టెలోకి పోయి అంతా చెడిపోతాదనుకొన్నాను. ఎనిమిది ముక్కలూ చెడిపోతాయి, సారుకు కోపమొస్తాది, పంతులమ్మ నన్ను తీసుకపోదు. నాకు అట్ల అర్థమయింది.

నల్లగుడ్డ లోపలికి దూరినాడు. ఒక ముక్క తీసినాడు. పెట్టె కొంచెం తిప్పినాడు. ఇంకోటి. ఇంతలో ఎండకు మబ్బు అడ్డమొచ్చింది. "కదలొద్దు, కదలొద్దు, మబ్బు పోనీ" అన్నాడు.

అప్పుడు కనపడింది అమ్మ. కింద దావలో, నెత్తిన రెండు బిందెలు, నడుమున కడవ. కట్టె పట్టుకొనేదానికి చెయ్యి ఖాళీ లేదు. మెడ నిక్కబొడుచుకొని, కాలితో తడువుకుంటా, ఒక్కొక్క మెట్టు ఎక్కుతాంది. నేను నిలబడిన చోటి నుంచి పిలిస్తే పలికేంత దూరం. మబ్బు తొలిగి ఎండ పడింది, బిందెలు మెరిసినాయి, సారు ఇంకో ముక్క తీసినాడు. మలుపు దగ్గరికొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది.

ఒక్క మాట. "గుంత" అని ఒక్క మాట అంటే చాలు, అంగ దాటేసేది. గొంతు దాకా వచ్చింది. అమ్మ ఇంకో మెట్టెక్కింది. నేను నోరు తెరవలేదు.

బిందెలు రాళ్ళ మీద దొర్లుకుంటా పోయిన సప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చెలమ దాకా దొర్లినాయి. "ప్రభువా" అనింది అమ్మ, ఒక్కసారే. నాయన వంటకొట్టం లోంచి ఉరికినాడు. సారు నల్లగుడ్డ పారేసి ఉరికినాడు. పంతులమ్మ ఉరికింది. నేను మాత్రం కదల్లేదు. సారు అయిపోయింది అనలేదు గదా.

నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు గిద్దలూరుకు మోసుకపోయినారు. తుంటి ఎముక ఇరిగింది. కట్టు కట్టించినారు గానీ అది సరిగ్గా అతకలేదు. మళ్ళ అమ్మ ఆ మెట్లు దిగింది లేదు. గోడ పట్టుకొని నడిచేది, కాలీడ్చుకుంటా.

పంతులమ్మ పొయ్యేటప్పుడు అడిగింది, "ఏం పాపా, వస్తావా?" అని. నేనే అన్నాను, "నాకు చదువొద్దు" అని. ఆమె నా గడ్డం పట్టుకొని ఎందుకని ఎంత అడిగినా చెప్పలేదు. ఆ దినం నుంచి నీళ్ళు నేనే తెచ్చినాను, చిన్న బిందెతో. ముందు ఎవరూ లేకుండా.

నాయన అడిగినాడు అమ్మను, "ఆ మెట్టు కాడ రాయి ఏమయింది? నేనే గట్టిగా నాటినానే" అని. అమ్మ మంచం మీద నుంచి గోడకు ఆనించిన నా పలకను చూసింది. నన్ను చూసింది. "వానకు కొట్టకపోయిందేమోలే. నా కాలే జారింది" అనింది. నాయన అవతలికి పోయినాక, చిన్నగా, "ఆ రాయి తీసుకపోయి ఆడనే పెట్టి రా పాపా. ఇంకొకరు పడతారు" అనింది. అంతే.

తీసుకపోయి పెట్టినాను. నా పేరు మట్టి దిక్కు ఉండేటట్టు బోర్లా పెట్టి, చుట్టూ మట్టి తొక్కినాను. నా చదువు ఆడ ఉంది.

కొన్ని నెలలకు టపాలో ఆ ఫోటో వచ్చింది, పొడుగ్గా చుట్ట చుట్టి. సారు ఆ మిగిలిన ముక్కలు గూడా తర్వాత తీసి అతికించినాడు. నాయన బంగళా గోడకు కట్టినాడు. కంభం చెరువుంది, కొండలుండాయి. నేనుండాను పలక పట్టుకొని, ఒకే తలకాయతో, పెదాలు బిగించుకొని. నా పక్కన, కిందుగా, దావలో చీమంత అమ్మ. రెండు బిందెలు తెల్లటి చుక్కలు. దాని పక్క ముక్కలో దావ ఖాళీ. "చూడే, నువ్వు గూడా పడినావు ఫోటోలో" అని నాయన అమ్మకు చూపించినాడు మురిపెంగా. అమ్మ వేలు పెట్టి తన ముందున్న చోటు తడిమింది, రోజూ నేను నడిచే చోటు. మా అమ్మకున్న ఫోటో అదొక్కటే. తర్వాత బంగళా కప్పు కూలింది, వానలకు ఆ ఫోటో గూడా పోయింది.

నా పెండ్లికి మా ఆయన వాళ్ళు ఫోటోలాయన్ను పిలిపించినారు. ఆయన పెట్టె పెట్టుకొని తీస్తాంటే చుట్టూ పిల్లలు అరుస్తాండారు, మేళం మోగుతాంది, మా అత్త ఎవరినో తిడతాంది. తర్వాత ఫోటోలొచ్చినాయి. ఒక్కటి గూడా చెడిపోలేదు. అవి చేతిలో పట్టుకొని ఏడ్చినాను. పుట్టింటి మీద బెంగ అనుకొన్నారు అందరూ. పుట్టింటి మీద బెంగే.

అత్తగారింటికి పొయ్యే దినం అమ్మ గోడ పట్టుకొని వాకిలి దాకా వచ్చింది. నా చెయ్యి పట్టుకొని, "నా కాలు నీవల్ల ఇరగలేదు పాపా. నీళ్ళకు పోతే ఇరిగింది" అనింది. నేను ఆమె కాళ్ళ మీద పడి చెప్పి ఉండాల్సింది. ఎద్దులబండి తొందరపెడతాంది. రెండేండ్లకు అమ్మ లేదు.

మా ఆయనతో చేనుకు పోయినా, సంతకు పోయినా నేనే ముందు నడిచేదాన్ని. "రాయి, చూసుకో" అనేదాన్ని నాకు తెలీకుండానే. "నాకేమన్నా కండ్లు లేవా? ఆడది ముందు నడిస్తే నలుగురూ నవ్వుతారే" అని ఎగతాళి చేసేవాడు. ఆయన శవపెట్టె ఎనక నడిచిన దినమే నేను ఆయన ఎనక నడిచింది.

మొన్న అరుగు మీద ఇదంతా ఒక్కసారి మీద పడింది. పిల్ల ఫోను పట్టుకొని నిదానంగా తిరగతాంది. "కదలొద్దవ్వా, వస్తాండా నీ దగ్గరికి" అంటాంది. నేను లోయ దిక్కు చూసినాను. దావ లేదు. అంతా చెట్లు కమ్మేసినాయి. చెలమకు ఇప్పుడు మోటారు పెట్టినారంట, నీళ్ళు గొట్టంలో వస్తాయి. మలుపు మాత్రం గుర్తు పట్టినాను, కొమ్ము బండ కింద.

నేను ఆపుకోలేకపోయినాను. అరుగు కొసకు పోయి, గొంతు చించుకొని అరిచినాను.

"గుంత! అమ్మా, గుంత!"

లోయంతా తిరిగి వచ్చింది ఆ మాట. పక్క గదుల వాళ్ళు తలుపులు తీసి చూసినారు. మనవరాలు బెదిరిపోయి నా భుజం పట్టుకొనింది. నన్ను కూకోబెట్టి నీళ్ళు తాపింది. చానాసేపటికి ఫోను తీసి చూసింది. కొండలన్నీ బాగానే పడినాయి. నడుమ నేను ఉండాను, సగం మొఖం చెరిగిపోయి, చెయ్యి రెండు ముక్కలయి, నోరు తెరుచుకొని.

"చెడిపోయిందవ్వా. తీసేసి మళ్ళ తీస్తా" అనింది.

నేను దాని చెయ్యి పట్టుకొన్నాను.

"ఉండనీ తల్లీ. చెడిపోనీ."